నార్వే తీరంలో కొబ్బరి చెట్లు

ఈ మధ్య టీచరు ఉద్యోగానికి ఎంపికైన ఒకమ్మాయి మా ఇంటికి వచ్చింది. చేతిలో కొత్త నోటుపుస్తకం, పెన్ను. "మేస్టారూ, ఇన్నేళ్ళ సర్వీసులో మీరు నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒక్కటి చెప్పండి" అని అడిగింది. నేను ఆలోచించకుండా "నార్వే" అన్నాను. పాపం, రాసుకుంది కూడా. రాసుకున్నాక తలెత్తి నా మొహంలోకి అనుమానంగా చూసింది. పెద్దాయనకి మతి తప్పిందేమోనని భయపడింది కాబోలు. ఆ భయం పోగొట్టడానికే ఇది రాస్తున్నాను.

ఇందులో నా ప్రమోషన్లు ఉండవు. వచ్చినవి రెండే, ఆ రెండూ నేను సెలవులో ఉన్నప్పుడు వచ్చాయి. బదిలీలు, సర్క్యులర్లు, సర్వీసు రిజిస్టర్లు కూడా ఉండవు. పలకల ముందు నిలబడితే అసలు ఏం జరుగుతుందో అది మాత్రం ఉంటుంది. అక్కడ జరిగేది చాలాసార్లు నవ్వులాటే. ఆ నవ్వు ఎవరి మీద అన్నదే అసలు ప్రశ్న.

నా వంతుకొచ్చిన దేశం

అరవైల చివరి మాట. టెక్కలిలో పురోహితుడి కొడుకుని. ట్రైనింగు పూర్తి చేసి, ఉద్దానంలో సముద్రానికి మైలున్నర దూరంలో ఉన్న ఒక హైస్కూల్లో సోషలు మేస్టరుగా చేరాను. ఊరి పేరు చెప్పను. తప్పులన్నీ నావే అయినా, ఆ ఊరివాళ్ళు అందులో తమకూ వాటా ఉందని పోట్లాటకి వస్తారు. కాశీబుగ్గలో బస్సు మారి, తారు రోడ్డు అయిపోయిన చోట దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నడిచేవాణ్ణి. రెండు వైపులా జీడితోటలు, పనస, ఎటు చూసినా కొబ్బరి. మొదటి రోజు గమ్యం చేరేసరికి నా పంచెలో ఇంకో బడి కట్టేటంత ఇసుక ఉంది.

నాది టెంపరరీ ఉద్యోగం. ఏప్రిల్లో బడిని మూసినప్పుడు మమ్మల్నీ మూసేసేవారు. జూన్‌లో బుద్ధి పుడితే తెరిచేవారు. అలా రెండేళ్ళు గడిచాక మూడో ఏడు ఒక కబురు వచ్చింది. ఫిబ్రవరిలో ఇన్‌స్పెక్టరు గారు వచ్చి నా పాఠం వింటారు, రిపోర్టు బాగా రాస్తే ఉద్యోగం ఖాయం. బాగా రాయకపోతే ఏప్రిల్ తరవాత నేను టెక్కలి వెళ్ళి మా నాన్న వెనకాల దర్భల కట్ట పట్టుకుని తిరగాలి. నాకు మంత్రాలు రావు. చిన్నప్పుడు నేర్పబోతే గోడ దూకి పారిపోయాను. కాబట్టి నాకు ఆ బడి తప్ప దిక్కు లేదు.

మా హెడ్మాస్టరు నరసింగరావు గారు నిమ్మాడ వైపు భూములున్న కుటుంబంవారు. భారీ మనిషి. గంట కొట్టడం మరిచిపోయినా ఆయన ఒకసారి దగ్గితే పిల్లలు పరిగెత్తుకుని వచ్చి కూర్చునేవారు. ఆయన నన్ను పిలిచి, "పంతులూ, తొమ్మిదో తరగతికి నార్వే పాఠం తయారు సెయ్యి. మనకీ సముద్రం, ఆలకీ సముద్రం. మనకీ సేపలు, ఆలకీ సేపలు. ఇన్‌స్పెక్టరు దొర సంబరపడిపోవాల" అన్నారు.

"అలాగేనండి" అన్నాను. ఏనాడూ చేప వండని ఇంట్లో పుట్టినవాణ్ణి. మొదటి రోజే నల్లబల్ల మీద, నార్వేవాళ్ళు ఎక్కువగా పట్టే కాడ్ చేప బొమ్మ గీసి వెనక్కి తిరిగేసరికి క్లాసంతా బెంచీల కింద ఉంది. నవ్వాపుకోలేక కిందకి వంగిపోయారు. నేను దానికి కాళ్ళు పెట్టలేదు గాని, మిగతావన్నీ పెట్టానట. ఒక పిల్ల లేచి సుద్దముక్క అడిగి తీసుకుని, రెక్కలు తుడిచి వాటి చోట్లలో వాటిని గీసి వెళ్ళి కూర్చుంది. ఆ పిల్ల పేరు నీలవేణి. జాలర్ల పేట నుంచి తొమ్మిదో తరగతి దాకా వచ్చిన మొదటి ఆడపిల్ల.

దాలయ్య గీసిన నార్వే

బళ్ళో ఐరోపా మ్యాపు ఒకటి ఉండేది. చెదలు ఉత్తరాన మొదలుపెట్టి స్పెయిను దాకా తిన్నాయి. హెడ్మాస్టరు గారు ఏమాత్రం దిగులు పడలేదు. "గోడ మీద గీయించీద్దాం. గోడని సెద తినదు గదా" అని, జీడిపప్పు ఫ్యాక్టరీలకి బోర్డులు రాసే దాలయ్యని పలాస నుంచి పిలిపించారు.

దాలయ్యకి నా చిన్న అట్లాసు ఇచ్చి నార్వే చూపించాను. చాలాసేపు చూశాడు. "ఈ ఒడ్డు ఇలగ పీలికలు పీలికలుగా సిరిగిపోనాదేటి బాబూ? అచ్చు తప్పా?" అన్నాడు. అచ్చు తప్పు కాదనీ, అక్కడ కొండల మధ్యకి సముద్రం మైళ్ళ తరబడి దూరిపోతుందనీ, వాటిని ఫియర్డులంటారనీ చెప్పాను. తలూపి పని మొదలుపెట్టాడు. నేను శని ఆదివారాలు ఇంటికి వెళ్ళి సోమవారం తిరిగి వచ్చాను.

గోడ మీద నార్వే అద్భుతంగా ఉంది. ప్రతి పీలికా లెక్క తప్పకుండా గీశాడు. ఒడ్డు పొడుగునా, కింద నుంచి ఉత్తరపు కొస దాకా, వరసగా కొబ్బరి చెట్లు. కాయలతో సహా.

"దాలయ్యా, ఇవేమిటి?"

"కొబ్బరి సెట్లు బాబూ."

"నార్వేలో కొబ్బరి చెట్లు ఉండవయ్యా!"

"సముద్రపొడ్డు కాదేటి?"

"సముద్రపొడ్డే."

"మరి?" అన్నాడు.

అది చలిదేశమనీ, మంచు పడుతుందనీ చెప్పాను. "ఆ ముక్క ముందే సెప్పాల గదా" అని విసుక్కుని, సున్నం ముంచి ప్రతి కొబ్బరి చెట్టు నెత్తి మీదా మంచు పెట్టాడు. పైన్ చెట్లు ఎలా ఉంటాయో కాగితం మీద గీసి చూపించాను. కొబ్బరాకుల్ని కిందికి వంచి, కాయల్ని ఆకుపచ్చ రంగుతో కప్పి, "ఇంతకన్నా నా వల్ల అవదు బాబూ. కొబ్బరి సెట్టు నేని సముద్రపొడ్డు నాను పుట్టి బుద్ధెరిగి సూడనేదు. సూడందాన్ని ఎలగ గీసీది?" అన్నాడు.

హెడ్మాస్టరు గారు వచ్చి చూసి మురిసిపోయారు. "శెభాష్. మన ఊరిలాగే ఉంది" అన్నారు.

అప్పుడు నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. దాలయ్య తెలివితక్కువవాడు కాడు. తాను చూడందాన్ని తాను చూసినదానితో పూరించుకున్నాడు, అంతే. బళ్ళో కూర్చున్న ప్రతి పిల్లవాడూ అదే చేస్తాడు. పాఠం చెప్పేవాడు కూడా అదే చేస్తాడు. ఆ మూడో సంగతి మాత్రం నాకు అప్పటికి తట్టలేదు.

చుక్క పొడవని దేశం

చిన్న ఊళ్ళో పాఠం బడి గోడల మధ్య ఆగదు. పిల్లలు నార్వేని సంచుల్లో పెట్టుకుని ఇళ్ళకి మోసుకుపోయారు. వారం తిరిగేసరికి ఊరంతా నార్వే. కొట్టు దగ్గర నార్వే, నూతి దగ్గర నార్వే.

నేను చిట్టెమ్మ గారనే ముసలావిడ ఇంట్లో అద్దెకుండేవాణ్ణి. అది కార్తీక మాసం. సోమవారం నాడు ఆవిడ పొద్దుటి నుంచీ ఉపవాసం ఉండి, సాయంత్రం నక్షత్రాన్ని చూసి భోజనం చేసేది. ఆ రోజు వాకిట్లో పీట వేసుకుని ఆకాశం కేసి చూస్తూ నన్ను పిలిచింది.

"నాయినా, ఆ దేశంలో ఏసంగికాలం పొద్దు గుంకదంతగదా. నిజమేనా?"

"నిజమేనండి. ఉత్తరం కొసన వేసవిలో రెండు నెలలకి పైగా అర్ధరాత్రి కూడా సూర్యుడుంటాడు."

"ఓలమ్మో! మరి చుక్క ఎప్పుడు పొడుస్తాది?"

"పొడవదండి."

ఆవిడ గుండెల మీద చెయ్యేసుకుంది. "చుక్క పొడవకపోతే ఆడోలు అన్నం ఎప్పుడు తింతారు? మాడి సచ్చిపోరూ?"

వాళ్ళకి కార్తీక సోమవారాలు లేవని చెప్పబోయి, ఆవిడ మొహం చూసి ఆగిపోయాను. దాని బదులు, శీతాకాలంలో అదే చోట దాదాపు రెండు నెలలు సూర్యుడే కనిపించడనీ, రోజంతా చీకటేననీ చెప్పాను. ఆవిడ కొంచెంసేపు లెక్కలు వేసుకుంది. ఉన్నట్టుండి మొహం వెలిగిపోయింది.

"అయితే ఆ రోజుల్లో పొద్దున్న లెగిసిన కాడి నుండీ చుక్కలే గదా! ఎప్పుడు కావాలంతే అప్పుడు తినీవచ్చు. దేవుడు అన్నేయం సెయ్యడు నాయినా!"

ధ్రువ ప్రాంతపు పగలూ రాత్రీ గురించి నేను తరవాత చాలా పుస్తకాలు చదివాను. చిట్టెమ్మ గారంత తొందరగా దాన్ని అర్థం చేసుకున్నవాళ్ళని చూడలేదు. ఆవిడ అక్షరం చదువుకోలేదు. తన ఆకలితో ముడిపెట్టుకుని అర్థం చేసుకుంది. కొత్త టీచర్లకి చెప్తున్నాను, పిల్లవాడు అడిగే ప్రశ్న తిండి గురించి అయితే నవ్వకండి. అతనికి పాఠం ఎక్కుతోందని గుర్తు.

"నువ్వు వల అల్లుకో"

ఇక నా ఘనకార్యానికి వస్తాను. సంక్రాంతి వెళ్ళాక, ఇన్‌స్పెక్షను కోసం నార్వే పాఠాన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్తున్న రోజులవి.

జాలర్ల పేటకీ బడికీ మధ్య జీడితోటలు. ఆ తోటల్లో ఎలుగుబంట్లు తిరిగేవి. అందుకని నీలవేణిని వాళ్ళ నాన్న కొర్లయ్య రోజూ పొద్దున్నే బడికి తీసుకొచ్చేవాడు. వేట లేని రోజుల్లో ఇంటికి వెళ్ళి మళ్ళీ రావడమెందుకని, సాయంత్రం దాకా మా వరండాలోనే కూర్చుని వల బాగు చేసుకునేవాడు. సరిగ్గా నా క్లాసు కిటికీ పక్కన. ఒక్క పైసా ఫీజు కట్టకుండా, ఒక్క రోజు హాజరు వెయ్యకుండా కొర్లయ్య తొమ్మిదో తరగతి చదువుతున్నాడని నాకు తెలీదు.

ఫియర్డుల గురించి చెప్పిన రోజున కిటికీలోంచి, "అలలు దాటక్కర్నేకుండా ఇంటి ముంగిట్లోనే పడవ కట్టుకుంతారన్నమాట! పెట్టి పుట్టినోలు" అని గొంతు వినిపించింది. ఉద్దానం తీరంలో రేవులు లేవు. తెప్పని కెరటాల మీంచి లోపలికి తొయ్యడానికే సగం ప్రాణం పోతుంది. అతని అసూయ నాకు ముచ్చటేసింది.

మర్నాడు శీతాకాలం గురించి మొదలుపెట్టాను. ఆ పూట నాకు పూనకం వచ్చింది. "పిల్లలూ! నార్వే ధ్రువానికి ఆనుకుని ఉంది. చలికాలంలో అక్కడి సముద్రం ఏమవుతుంది? గడ్డ కట్టేస్తుంది! రాయిలాగా! దాని మీద బళ్ళు తోలుకోవచ్చు!" అన్నాను. పిల్లలు నోళ్ళు తెరిచారు. నాకు ఇంకా హుషారొచ్చి నాలుగుసార్లు వాళ్ళచేత చెప్పించాను. "గడ్డ కడుతుంది సార్!" అని కప్పు ఎగిరిపోయేలా అరిచారు.

కిటికీ దగ్గర వల పక్కన పెట్టిన చప్పుడైంది.

"మేస్టారూ, ఒక్క మాట అడగొచ్చా?"

"అడుగు కొర్లయ్యా."

"ఆలు సేపల మీద బతుకుతారని మొన్న సెప్పినారు గదా. ఏ నెలల్లో బాగా పడతాయన్నారూ?"

"జనవరి నుంచి ఏప్రిల్ దాకా."

"అంటే సలికాలమే గదా?"

"అవును."

"సముద్రం గడ్డ కట్టీసినాక ఆల పడవలు దేని మీద ఎల్తన్నాయి మేస్టారూ?"

నలభై జతల కళ్ళు నా మీద పడ్డాయి. "గడ్డకి కన్నం పెట్టి, అందులోంచి పడతారు" అన్నాను. ఎక్కడో బొమ్మ చూసిన గుర్తు.

కొర్లయ్య మర్యాదగానే అన్నాడు. "కన్నంలోంచి కూరకి సరిపడా పడతాయి గాని, దేశదేశాలకి అమ్మీటన్ని పడతాయేటి బాబూ?"

పిల్లలు నవ్వారు. ఆ నవ్వు నా మీద. నాకు ఒళ్ళు మండిపోయింది. "నువ్వు వల అల్లుకో కొర్లయ్యా. పాఠం చెప్పడానికి నాకు జీతమిస్తున్నారు" అన్నాను.

"తప్పే బాబూ" అని అతను వల ఒళ్ళోకి తీసుకున్నాడు. నీలవేణి తలొంచుకుని పుస్తకంలోకి చూస్తూ కూర్చుంది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు సిగ్గుగా ఉంది.

అతుక్కున్న రెండు పేజీలు

ఆ శనివారం టెక్కలి వెళ్ళి లైబ్రరీలో కూర్చుని, ఉన్న భూగోళం పుస్తకాలన్నీ తిరగేశాను. కొర్లయ్య నోరు ముయ్యించే వాక్యం ఒక్కటి దొరికితే చాలనుకున్నాను. దొరికింది. అది నా నోరే ముయ్యించింది. అట్లాంటిక్ మహాసముద్రం అవతలి నుంచి ఒక వెచ్చటి నీటి ప్రవాహం నార్వే ఒడ్డు వెంబడి పైదాకా వెళ్తుంది. అందుకని ఆ బయటి తీరంలో రేవులు నడి చలికాలంలో కూడా తెరిచే ఉంటాయి. గడ్డ కట్టేది అవతలి పక్క, స్వీడనుకీ ఫిన్లాండుకీ మధ్యనున్న సముద్రం. నేను రెండు సముద్రాల్నీ కలిపి గడ్డ కట్టించేశాను.

అది చాలక, తిరిగి వచ్చాక పిల్లల పాఠ్యపుస్తకం తీశాను. నా ప్రతిలో రెండు పేజీలు అతుక్కుని ఉన్నాయి. విడదీశాను. ఆ వాక్యం అక్కడే ఉంది, పెద్ద అక్షరాలతో. మూడేళ్ళుగా నేను ఆ పేజీలు దూకేసి, మధ్యలో ఖాళీని నా బుర్రతో పూరించుకుంటున్నాను. దాలయ్య గీసింది ఒక్క గోడ మీద. నేను గీసింది మూడేళ్ళ పిల్లల బుర్రల్లో.

మంచివాడైతే మర్నాడే క్లాసులో చెప్పేసేవాడు. నేను చెప్పలేదు. ఇన్‌స్పెక్షనుకి ఇంకో మూడు వారాలుంది. ఇప్పుడు తప్పు చెప్పానంటే పిల్లలు తికమకపడతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజం ఏమిటంటే పరువు. కొర్లయ్య వరండాలో ఉంటే నేను అవతలి గుమ్మంలోంచి వెళ్ళేవాణ్ణి. ఒకరోజు హెడ్మాస్టరు గారితో అతను అంటుంటే విన్నాను: "మేస్టారు నన్ను సూసి మొకం తిప్పీసుకుంతన్నారు బాబూ. నాను ఆ మాట అడక్కుండా ఉండవలిసింది." తప్పు నాది, బాధ అతనిది.

ఇన్‌స్పెక్షను

ఇన్‌స్పెక్టరు గారు జీపులో బయల్దేరి, ఇసుకలో అది దిగబడిపోతే ఎడ్లబండిలో వచ్చారు. సన్నటి మనిషి, పట్నం మాట, కోపంగా కనిపించే కళ్ళద్దాలు. హెడ్మాస్టరు గారు తెప్పించిన కొబ్బరిబొండం తాగి క్లాసులోకి వచ్చి, గోడ ముందు ఆగిపోయారు.

"ఏమిటండీ ఈ చెట్లు?"

నేను నోరు తెరిచేలోగా హెడ్మాస్టరు గారు అందుకున్నారు. "పైన్ చెట్లండి. మా పెయింటరు చెయ్యి కొంచెం కొబ్బరి వైపు పోతుందండి."

ఇన్‌స్పెక్టరు గారి మూతి చివర కొంచెం వణికింది. నవ్వు కాబోలని ధైర్యం తెచ్చుకుని పాఠం చెప్పాను. బాగానే చెప్పాను. ఫియర్డులు, అడవులు, జలపాతాల మీద కరెంటు, ఎండబెట్టిన చేపల ఎగుమతి. శీతాకాలం దగ్గరికి రాగానే దాటేసి, ప్రజల దుస్తుల్లోకి వెళ్ళిపోయాను. ఇన్‌స్పెక్టరు గారు చెయ్యెత్తి ఆపారు.

"ఆగండి. పిల్లల్ని నేనొకటి అడుగుతాను. చలికాలంలో నార్వే సముద్రం ఏమవుతుంది?"

పిల్లలు ఒక్కసారి అరిచారు. "గడ్డ కడుతుంది సార్!"

"వెరీ గుడ్!" అన్నారాయన, సంతోషంగా. జేబులోంచి పెన్ను తీశారు, మూత తిప్పారు. ఆయనకీ అలాగే తెలుసు! నా ఉద్యోగం ఖాయం అయిపోతోంది. హెడ్మాస్టరు గారు గుమ్మంలోంచి నాకు కన్ను గీటారు. కిటికీ అవతల కొర్లయ్య వల మీద నుంచి తల ఎత్తలేదు.

పెన్ను కాగితం మీద పెట్టబోతూ ఇన్‌స్పెక్టరు గారు మూడో బెంచీ వైపు చూశారు. "ఏమ్మా, నువ్వు మాత్రం చెప్పలేదేం? నీకు తెలీదా?"

నీలవేణి లేచి నిలబడింది. ఒకసారి కిటికీ వైపు చూసింది. ఒకసారి నా వైపు చూసింది.

"గడ్డ కడతాదని మా మేస్టారు సెప్పినారండి" అంది.

ఆ పిల్ల అబద్ధం చెప్పలేదు. నన్ను పట్టివ్వనూ లేదు. తండ్రిని నేను నలుగురిలో కసిరినా, నా ఉద్యోగం తన నాలిక చివర ఉందని తెలిసి, అంత జాగ్రత్తగా మాట ఎంచుకుని నిలబడింది. నాకు తల కొట్టేసినట్టయింది. నోరు దానంతటదే తెరుచుకుంది.

"సార్, అది తప్పండి. అక్కడి సముద్రం గడ్డ కట్టదు. నేనే తప్పు చెప్పాను."

హెడ్మాస్టరు గారు దగ్గారు. ఆ దగ్గుకి పక్క తరగతి పిల్లలు లేచి నిలబడ్డారు.

ఇన్‌స్పెక్టరు గారు పెన్ను కిందికి దించారు. "గడ్డ కట్టదా? నేను వెరీ గుడ్ అన్నానే!"

"తమరూ..." అని ఆగిపోయాను. పాఠ్యపుస్తకం తీసి ఆ పేజీ ఆయన ముందు పెట్టాను. చదివారు. కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చదివారు.

"మీకెప్పుడు తెలిసింది?"

"మూడు వారాలైందండి. అదిగో, ఆ కొర్లయ్య అడిగితే తెలిసింది. నేను అతన్ని కసిరాను కూడా."

"అతను ఏ బడిలో మేస్టరు?"

"మేస్టరు కాదండి. ఆ పిల్ల తండ్రి. జాలరి."

ఇన్‌స్పెక్టరు గారు కిటికీ దగ్గరికి వెళ్ళి, "నీకెలా తెలుసయ్యా?" అన్నారు. కొర్లయ్య లేచి, తలపాగా తీసి చంకలో పెట్టుకున్నాడు.

"నాకేటి తెల్దు బాబూ. ఆ దేశం పేరే మేస్టారు సెప్తే ఇన్నాను. పడవలోడు ఏ దేశంలో అయినా పడవలోడే గదా. నీలు నేని కాడ ఆడు సలికాలమంతా ఏటి తిని బతుకుతాడని అడిగినాను. మా సముద్రంలో కూడా నీరు కొన్నాల్లు ఉత్తరానికి లాగుతాది, కొన్నాల్లు దచ్చినానికి లాగుతాది. ఒక నీరు సల్లగుంతాది, ఒక నీరు ఎచ్చగుంతాది. ఆలకీ ఏదో ఎచ్చటి నీరు వత్తాది గావాల అనుకున్నాను."

ఇన్‌స్పెక్టరు గారు అతన్నీ, గోడనీ, నన్నూ, చేతిలో పుస్తకాన్నీ వరసగా చూశారు. ఆ కోపం కళ్ళద్దాల మనిషి భుజాలు కదలడం మొదలుపెట్టాయి. తరవాత బెంచీ మీద కూలబడి, కళ్ళలోంచి నీళ్ళు కారేటట్టు నవ్వారు. ఆయన నవ్వడం చూసి పిల్లలు, పిల్లల్ని చూసి హెడ్మాస్టరు గారు. చివరికి కొర్లయ్య కూడా, ఎందుకో తెలియకపోయినా. నేనొక్కణ్ణి నవ్వలేదు. నాకు దర్భల కట్ట కళ్ళ ముందు ఆడుతోంది.

నవ్వు ఆగాక ఆయన రిపోర్టు రాసి, మడిచి హెడ్మాస్టరు గారి చేతిలో పెట్టి, ఎడ్లబండి ఎక్కి వెళ్ళిపోయారు. హెడ్మాస్టరు గారు వరండాలో దాన్ని విప్పారు. రెండే వాక్యాలు. పైకి చదివారు.

"పాఠం తప్పు. మనిషిని ఉంచండి."

"ఒరే పంతులూ, ఇది తిట్టా, దీవెనా?" అన్నారాయన. ఆయన కళ్ళు చెమ్మగిల్లి ఉన్నాయి. నేను కొర్లయ్య దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ పట్టుకున్నాను. క్షమించమని అడగాలని వెళ్ళినవాణ్ణి, ఏడుపో నవ్వో తెలీని చప్పుడు చేశాను. "ఊరుకోండి బాబూ, పిల్లలు సూత్తన్నారు" అన్నాడతను.

మర్నాడు

మర్నాడు తొమ్మిదో తరగతిలో నల్లబల్ల మీద పెద్ద అక్షరాలతో "నార్వే పడమటి తీరంలో సముద్రం గడ్డ కట్టదు" అని రాశాను. గడ్డ కడుతుందని నేను చెప్పిన మాట తప్పనీ, పుస్తకం సరిగ్గా చదవకుండా చెప్పాననీ, కొట్టేసి ఇది రాసుకోమనీ పిల్లలకి చెప్పాను. గుండె తేలికైపోయింది. ఎంత గొప్పవాణ్ణి నేను, తప్పు ఒప్పుకున్నాను అనుకుంటూ, ఆ గొప్పతనాన్ని కాసేపు అనుభవిస్తూ నిలబడ్డాను.

నీలవేణి కొట్టేసింది. కొత్తది రాసుకుంది. పెన్సిలు పట్టుకునే లేచి నిలబడింది.

"సార్, ఇంకా ఏటేటి తప్పులు సెప్పినారో అయ్యి కూడా సెప్పీండి సార్. ఒక్కసారే కొట్టీసుకుంతాం."

ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. నలభై మందీ పెన్సిళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. నేను పాఠ్యపుస్తకం మొదటి పేజీ తీసి, కుర్చీ లాక్కుని వాళ్ళ మధ్య కూర్చున్నాను.